లాయరు నన్ను గది బయటకు పంపిన రోజు

ఎనభైల మొదట్లో షికాగోలో ఉండేవాళ్లం. పెళ్లయి ఆరేళ్లయినా రోజూ గొడవలే. చివరికి విడాకులు తీసుకుందామనుకున్నాం. మన వైపు పెద్దమనిషి ఇద్దరి మాటా విని తేల్చినట్టే ఇక్కడ లాయరూ తేలుస్తాడనుకుని, ఇద్దరం ఒకే కారులో ఒకే లాయరు దగ్గరకు వెళ్లాం.

"నేను ఒక్కరి తరఫునే ఉండగలను. ఎవరి తరఫున?" అన్నాడాయన.

"ఆయన వైపే ఉండండి. కోపమొస్తే ఆయనకి ఇంగ్లిష్ రాదు" అంది మా ఆవిడ సుగుణ.

ఆయన నవ్వాపుకుని, "అయితే నేను మీ లాయర్‌నే" అన్నాడు ఆమెతో. తర్వాత, "మీ కష్టమేమిటి?" అని ఆమెను అడిగాడు. జవాబు నేను చెప్పాను. మళ్లీ అడిగితే మళ్లీ నేనే చెప్పాను. మూడోసారి ఆయన లేచి తలుపు తీసి, "సర్, మీరు బయట వెయిట్ చేయండి" అన్నాడు.

ముప్పావుగంట అద్దాల తలుపు అవతల నిలబడ్డాను. సుగుణ చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది. ఒకసారి కళ్లు తుడుచుకుంది. ఒకసారి నవ్వింది కూడా. ఆమె అంతసేపు మాట్లాడగా నేనెన్నడూ చూడలేదు.

బయటకు రాగానే, "ఏం చెప్పావు?" అన్నాను కంగారుగా.

"ఇంట్లో అడిగుంటే ఇంతదూరం డ్రైవ్ చేసే పనుండేది కాదుగా!"

"ఇప్పుడడుగుతున్నాను, చెప్పు."

కారెక్కాక మొదలుపెట్టింది. ఇల్లు వచ్చినా ఆమె ఆపలేదు, నేను దిగలేదు. చెప్పిందంతా నా గురించే. అందులో ఒక్క మెచ్చుకోలూ లేదు, ఒక్క అబద్ధమూ లేదు.

మేం విడిపోలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆమెను ఏదైనా అడిగితే జవాబు నా నోటిదాకా వచ్చేస్తుంది. సిగ్గుపడి మింగేస్తాను.