పొటాషియం లేని స్ఫటికం

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుంటూనే కాకినాడలో ఒక సారు దగ్గర పీహెచ్‌డీకి చేరాను. అమైనో ఆమ్లాల లవణాలను స్ఫటికాలుగా పెంచడం మా పని. గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం, పొటాషియం నైట్రేట్ అనే ఉప్పు తూచి నీళ్లలో కలిపి, వడకట్టి, బీకరు మూతికి సూదితో పొడిచిన కాగితం కట్టి కదపకుండా ఉంచాలి. నీరు మెల్లగా ఆవిరవుతుంటే అడుగున స్ఫటికం పెరుగుతుంది. మా వైపు వానాకాలంలో గాలి తడిగుడ్డలా ఉంటుంది, ఆరడమన్న మాటే ఉండదు. ఆ నెలల్లో బీకర్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

మా ల్యాబులో ఒక ఆచారం ఉండేది. ద్రావణం కలిపిన రోజే స్ఫటికానికి పేరు పెట్టి బీకరు మీద అంటించేవాళ్లం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! మాది వంటింటి లెక్క: గిన్నెలో వేసిందంతా కూరలో ఉంటుంది. అందుకని నాది గ్లైసీన్ పొటాషియం నైట్రేట్. మూడు వారాలకు గోరంత స్ఫటికాలు నిగనిగలాడుతూ వచ్చాయి. ఒకదాన్ని పొడి చేసి తీయించిన గ్రాఫుల్లో ఏ గీత చూసినా నాకు నైట్రేటే కనిపించింది. పరిశోధన పేపర్ రాశాం, సైన్సు పత్రికలో అచ్చయింది, కాలేజీలో అందరికీ కాజాలు పంచాను. అచ్చయిన పేపర్ ఒక్కటైనా ఉంటేనే థీసిస్ తీసుకుంటారు. నాకున్నది ఆ ఒక్కటే.

అక్కడితో ఊరుకోవాల్సింది. థీసిస్‌లో అణువుల అమరిక బొమ్మ కూడా ఉంటే గొప్పగా ఉంటుందన్న ఆశ నాది. ఒక స్ఫటికాన్ని దూదిలో పెట్టుకుని, సామర్లకోటలో రైలెక్కి, ఆ బొమ్మ తీసే ఎక్స్-రే యంత్రం ఉన్న ఊరు వెళ్లాను. అక్కడి ఆపరేటరు ఆవగింజలో పావు వంతు ముక్క కోసి, సన్నటి గాజుపోగు కొనకు అతికించి, యంత్రంలో పెట్టాడు. అరగంట కూడా కాలేదు.

“మేడమ్, ఇది వట్టి గ్లైసీనేనండి. పొటాషియం లేదు, నైట్రేటూ లేదు.”

“సరిగ్గా చూడండి. నా చేత్తో కలిపానండి!”

“కలిపారేమో గానీ, ఇందులోకి రాలేదండి.”

పట్టుబట్టి మర్నాటిదాకా కొలతలన్నీ తీయించాను. తెర మీద తేలిన బొమ్మలో రెండు కార్బన్లు, ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్లు, వాటి హైడ్రోజన్లు, అంతే. స్ఫటికం తనకు కావలసింది తీసుకుని మిగతాది నీళ్లలోనే వదిలేసింది. ఉప్పు కలిసిన నీళ్లలో గ్లైసీన్ ఈ రూపంలో పెరుగుతుందని లోకానికి ఎప్పుడో తెలుసట. ఏడుపు రాలేదు గానీ, చచ్చేంత సిగ్గేసింది.

తిరిగొచ్చి సారుకు కాగితాలు చూపించాను. నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి. చాలాసేపు చూశారు.

“ఎవరు చూస్తారమ్మా ఇదంతా? ఆ బొమ్మ పెట్టకుండా థీసిస్ ఇచ్చెయ్.”

“నేను చూశాను కదండీ.”

“పేపర్ వెనక్కి తీసుకుంటే నీ డిగ్రీ ఏమవుద్దో తెలుసా?”

తెలుసు. మళ్లీ మొదటి బీకరు నుంచి మొదలుపెట్టాలి. ఇంట్లో ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు. అయినా రైల్లో రాసుకున్న ఉత్తరం ఆయన బల్ల మీద పెట్టాను. మా పేపర్ తప్పని, వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు రాసింది. కింద ఇద్దరి సంతకాలకూ చోటు వదిలాను.

కోప్పడతారనుకున్నాను, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి అద్దాల బీరువా వైపు చూశారు. అందులో ఆయన పాత విద్యార్థులు పెంచిన స్ఫటికాలు పదకొండు సీసాల్లో ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ ఎవరూ ఆ యంత్రంలో పెట్టి చూడలేదు.

“అయితే అవి ఏంటమ్మా?” అన్నారు.

ఆయన నా పెన్ను అడిగి తీసుకుని, నాకంటే ముందు సంతకం చేశారు.