మింగేసిన వాక్యం

నాకు కుదురు లేదు. కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోలేను. సభల్లో మైకు ముందు నిలబడి తర్జుమా చేసేటప్పుడు కూడా కాళ్లు చెప్పుల్లోంచి తీసి, మళ్లీ దూర్చుతూ ఉంటానని మా ఆవిడ ఎగతాళి చేసేది. రైల్వే ఉద్యోగం ఊళ్లు తిప్పి నాకు తమిళం, హిందీ నేర్పింది. ఇంగ్లీషు బళ్లో వచ్చింది. దాంతో రాజమండ్రి చుట్టుపక్కల చర్చీలకు బయటి ప్రసంగీకులు ఎవరొచ్చినా నాకే కబురు. ఆయనొక వాక్యం, నేనొక వాక్యం.

మా ఆవిడ క్వైర్‌లో పాడేది. ముందు వరసలో కూర్చునేది. తెలుగు తప్ప ఇంకో భాష రాదు, అయినా నన్ను ఇట్టే పట్టేసేది. ఒకసారి తమిళాయన చెప్పిన జోకు మనవాళ్లకు ఎక్కదనిపించి, నా సొంత జోకొకటి వదిలాను. జనం పడీపడీ నవ్వారు. ఆయనా మురిసిపోయాడు. ఇంటికెళ్తుంటే బండి మీద వెనకనుంచి, "ఆయన అంతసేపు చెప్పిందాన్ని రెండు ముక్కల్లో తేల్చేశారేంటండీ? మింగేశారు కదూ!" అంది.

కిందటేడు ఆమె గొంతు బొంగురుపోయింది. నెలలు గడిచినా తగ్గలేదు. కాకినాడలో పెద్ద డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. తమిళుడు, కొత్తగా వచ్చాడు, తెలుగు ఇంకా పట్టుబడలేదు. నాకు తమిళం వచ్చని తెలియగానే ప్రాణం లేచొచ్చినట్టు గడగడా మొదలుపెట్టాడు. కేన్సరట. స్వరపేటిక తీసేయాలట. ఆ తర్వాత మాట రాదు, పాట రాదు. వద్దనుకుంటే ప్రాణానికే ముప్పు. మీరిద్దరూ ఆలోచించుకుని చెప్పండన్నాడు.

"ఏమన్నారండీ?"

"చిన్న ఆపరేషనట. తగ్గిపోతుందట."

లేచి కిటికీ దగ్గరకు వెళ్లాను. అక్కణ్ణుంచి తలుపు దగ్గరకు. ఛీ, నా మీద నాకే అసహ్యమేసింది.

"ఆయన అంతసేపు మాట్లాడితే ఇంతేనా? సభలో చెప్పినట్టు వాక్యం వాక్యం చెప్పండి. ఈ గొంతు నాదండీ, మీది కాదు."

డాక్టరుని మళ్లీ మొదట్నుంచీ చెప్పమన్నాను. నిలబడే తర్జుమా చేశాను. ఆయనొక వాక్యం, నేనొక వాక్యం. స్వరపేటిక దగ్గరకొచ్చేసరికి ఆగి, కాళ్లు చెప్పుల్లోంచి తీసి మళ్లీ దూర్చాను. కానివ్వమని ఆమె చెయ్యి ఊపింది.

అంతా విని కొంగు సర్దుకుంది. అప్పుడు అంది.

"చేయించుకుంటానని చెప్పండి. ఇంకోటి కూడా అడగండి. నాకు మాట పోయాక, మా ఆయన సభలో వాక్యాలు మింగేస్తే నేనెలా నిలదీయాలట?"

డాక్టరు నా వైపు చూశాడు, ఏమందని. మొదటిది చెప్పాను. రెండోది నోట్లోంచి రాలేదు. ఆయన తలూపి కాగితాలు తీసుకున్నాడు.

"ఏమండీ," అంది ఆ బొంగురు గొంతుతోనే. "నేను రెండు చెప్పాను. ఆయనకి ఒకటే వెళ్లింది."

రెండోది కూడా చెప్పాను.