ముప్ఫై ఎనిమిదేళ్ళ జూనియర్

ఏలూరు కోర్టు గేటుకి ఎదురుగా, జిరాక్సు షాపుకీ టీ బడ్డీకీ మధ్య ఇరుకు గదిలో కాంతం పదిహేనేళ్ళు టైపు కొట్టింది. మొదట్లో మిషను మీద, తర్వాత కంప్యూటరు మీద. దావాలు, అఫిడవిట్లు, వకాల్తాలు, లీగలు నోటీసులు. లాయర్లు గొలుసుకట్టు చేతిరాతలో గీసి పంపిన కాయితాలని చదవగలిగిన మనిషి ఆ వీధిలో ఆవిడ ఒక్కతే అనేవారు. రాసిన లాయరుకే తన అక్షరం అర్థం కాకపోతే, "కాంతం గార్ని అడిగి రా" అని గుమాస్తాని పంపేవాడు.

పుట్టిల్లు గుండుగొలను. తండ్రికి రెండెకరాల వరి చేను. బి.కాం. అయ్యాక పెళ్ళి చేసి తాడేపల్లిగూడెం పంపారు. భర్త గోపీచంద్ అక్కడ ఉల్లిపాయల మార్కెట్లో ఒక కొట్టులో గుమాస్తా. మాట నెమ్మది, మనిషి నెమ్మది. ఆవిడ పొద్దున ఏడింటికి పాసింజరు ఎక్కి ఏలూరు వెళ్ళి, సాయంత్రం మళ్ళీ పాసింజరుకే తిరిగొచ్చేది. బతుకు అలాగే వెళ్ళిపోయేదే, కొల్లేటి పాపమ్మ రాకపోయి ఉంటే.

పాపమ్మది కొల్లేటి గట్టున ఒక లంక ఊరు. రెండెకరాల పట్టా భూమిలో చేపల చెరువు ఉంది. పక్క చెరువు వాళ్ళు ఏడాదికింత చొప్పున గట్టు లోపలికి జరుపుతున్నారని దావా వేయడానికి వచ్చింది. దావా రాసింది ఒక కుర్ర లాయరు. ఆ కాయితం కొడుతూండగా, భూమి ఎల్లలు రాసే షెడ్యూలు దగ్గర కాంతం చెయ్యి ఆగింది. తూర్పున మురుగుకాలువ అని రాసుంది. ఆ వైపు ఊళ్ళన్నీ ఆవిడకి చిన్నప్పట్నుంచీ తెలుసు. కాలువ ఉండాల్సింది పడమట.

వెళ్ళి చెప్పింది. "ఏవండీ, ఎల్లలు తారుమారైనట్టున్నాయండి."

"ఉన్నది ఉన్నట్టు కొట్టండి," అన్నాడు ఆ లాయరు, ఫోను లోంచి తలెత్తకుండానే.

కొట్టింది. ఏడాది తిరిగాక కోర్టు పంపిన కమిషనరు చెరువు చూడటానికి వెళ్ళి, ఈ ఎల్లలతో ఇక్కడ భూమే లేదని రిపోర్టు ఇచ్చాడు. ఎల్లలు దిద్దుకోవడానికి మళ్ళీ పిటిషను, దానికి వాయిదాలు. రెండేళ్ళు పోయాయి. ఈలోగా గట్టు ఇంకో మూరెడు జరిగింది. పాపమ్మ ఒకరోజు టైపు గది గుమ్మంలో చతికిలబడి, కోపం లేకుండా అడిగింది.

"నువ్వు కొట్టిన కాయితం నువ్వు సదవ్వా అమ్మాయ్?"

చదివింది, లాయరుకి చెప్పింది కూడా, అయినా కొట్టింది. ఆ ప్రశ్న రైల్లో కూడా వచ్చింది, ఇంటికీ వచ్చింది, వంటింట్లో గంట సేపు నిలబడింది. ఆ ఏడే ఆవిడ లా కాలేజీలో చేరడానికి లాసెట్ పరీక్ష రాసింది. ముప్ఫై నాలుగేళ్ళు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి టైపింగు, రైల్లో పుస్తకం. మూడేళ్ళు అలా గడిచాయి. ఎలా గడిచాయని ఎవరైనా అడిగితే, "నిద్రపోకుండా," అనేది.

లా పట్టా వచ్చింది. బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అయింది. నల్లకోటు కుట్టించుకుంది. అసలు కష్టం అక్కడ మొదలైంది.

లాయరుగా పేరు నమోదయ్యాక వేరే వ్యాపారం చేయకూడదని నిబంధన. అందుకని టైపింగు సెంటరుని, తన దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న పింకీకి అప్పగించేసింది. పింకీ ఏడ్చింది. "మీరు ఎదురుగుండానే ఉంటారుగా మేడం," అని మళ్ళీ తనే ఓదార్చింది. పని పోయింది, కొత్త పని రాలేదు. కోటు ఉంది, వేసుకుని ఎక్కడ నిలబడాలో తెలియదు.

తోటి పట్టభద్రులందరూ విజయవాడ, హైదరాబాదు లా ఫర్ములకి అప్లికేషన్లు పెడుతున్నారు. ట్రైనీ పోస్టులు, మూడు నెలల ప్లేస్‌మెంట్లు. వాళ్ళకి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు. కాంతానికి ముప్ఫై ఎనిమిది. ఆవిడా పెట్టడం మొదలెట్టింది.

ఫారాలన్నీ ఒకేలా ఉండేవి. మూట్ కోర్టు పోటీల్లో పాల్గొన్నారా. ఏయే ఫర్ముల్లో ఇంటర్న్‌షిప్ చేశారు. ప్రచురించిన వ్యాసాలు. అయిదేళ్ళలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు. ఈ చివరి ప్రశ్న దగ్గర ఆవిడ ప్రతిసారీ ఆగేది.

"ఏం రాయనండీ?" అని గోపీచంద్‌ని అడిగింది ఒక ఆదివారం.

ఆయన కంచం ముందు కూర్చుని ఆలోచించాడు. "అయిదేళ్ళకి నలభై మూడు వస్తాయి కదా. అది రాసెయ్."

ఇద్దరికీ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వారు. కానీ ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే సబ్మిట్ బటను నొక్కడం కుదరదు. ఏదో రాసింది.

అనుభవం అన్న గడిలో ఏం రాయాలన్నది ఇంకో తలనొప్పి. పదిహేనేళ్ళు టైపింగ్ అని రాస్తే చులకన. రాయకపోతే ఆ పదిహేనేళ్ళూ ఏం చేసినట్టు? కొన్నిట్లో రాసింది, కొన్నిట్లో మానేసింది. రెండింటికీ ఫలితం ఒకటే. చాలావాటికి అసలు జవాబే లేదు. కొందరు మాత్రం మర్యాదగా, మీ అర్హతలు మెచ్చుకోదగినవే, ప్రస్తుతానికి మాత్రం, అని రాసేవారు. ప్రస్తుతానికి అన్న మాట కనపడగానే ఆవిడ ఫోను మూసేసేది. చివరిదాకా చదవక్కర్లేదు.

అలా తొమ్మిది నెలలు. పొద్దున అలవాటు చొప్పున రైలెక్కి ఏలూరు వెళ్ళేది. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని వాదనలు వినేది. మధ్యాహ్నం లైబ్రరీ. సాయంత్రం దెందులూరు, భీమడోలు మీదుగా ఇల్లు. ఊళ్ళో వాళ్ళు, "లాయరమ్మ గారూ, ప్రాక్టీసు ఎలా ఉందండీ?" అని అడిగితే, "పర్లేదండి," అనేది. ఆ 'పర్లేదండి' అనడానికే ఒంట్లో ఓపిక ఖర్చయ్యేది.

వేసవి చివర్లో విజయవాడ ఫర్ము ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది. అద్దాల తలుపులు, చల్లటి గది. తనతో పాటు ఇంకో ఇద్దరు అభ్యర్థులున్నారు. ఇద్దరూ పెద్ద పెద్ద లా యూనివర్సిటీల వాళ్ళు. అందులో అమ్మాయి లేచి, "కూర్చోండి ఆంటీ," అని కుర్చీ జరిపింది. మర్యాదే. అయినా ఎక్కడో గుచ్చుకుంది.

ముగ్గురికీ ఒక పరీక్ష పెట్టారు. నలభై ఏళ్ళనాటి తెలుగు దస్తావేజు ఇచ్చి, ఇంగ్లీషులో సారాంశం రాయమన్నారు. చేతిరాత దస్తావేజు. మిగతా ఇద్దరూ కాయితాన్ని లైటు వైపు తిప్పి చూస్తూ కూర్చున్నారు. కాంతం నలభై నిమిషాల్లో పూర్తిచేసింది. పైగా, అమ్మినవాడి వాటా సగమే అయినా మొత్తం భూమి రాసిచ్చాడని కింద ఒక వాక్యం చేర్చింది.

శ్రీనాథ్ అనే కుర్ర పార్టనరు లోపలికి పిలిచాడు. ముప్ఫై కూడా ఉండవు. మంచివాడిలాగే ఉన్నాడు.

"మీరు రాసింది చాలా బాగుందండి. ఆ వాటా సంగతి మాక్కూడా మొదట తట్టలేదు."

"థాంక్సండి."

"కానీ ట్రైనీలకి మా దగ్గర... అంటే చిన్నవాళ్ళయితే పదేళ్ళు మా దగ్గర ఎదుగుతారని తీసుకుంటామండి. మీ విషయంలో ఇంకోటి అనుకున్నాం. డాక్యుమెంట్ డెస్కు అని పెడుతున్నాం. పాత దస్తావేజులు చదివి, తర్జుమా చేసి, టైపు చేసివ్వడం. జీతం ట్రైనీ కన్నా ఎక్కువే."

కాంతం అడిగింది. "వకాల్తాలో నా పేరు ఉంటుందాండీ?"

"ఉండదండి. అది ఆఫీసు పోస్టు, కోర్టుకి వచ్చేది కాదు."

"ఆలోచించుకుని చెప్తానండి."

తిరుగు రైల్లో సీటు దొరకలేదు. ఏలూరు దాకా తలుపు దగ్గర నిలబడే వచ్చింది. ఏలూరులో దిగిపోయిన వాళ్ళ చోటు దొరికితే కూర్చుని, ఒళ్ళో మడిచిన కోటు వైపు చూసుకుంది. చెమటకి కాలరు తెల్లబడింది. వద్దనడానికి తనకేం అర్హత ఉంది అనిపించింది. ఒప్పుకోవడానికి కూడా మనసు రాలేదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే గోపీచంద్ అంతా విన్నాడు. "నీకు అలుపొస్తే చేరిపో. నేనేం అనుకోను. కాని దాచకుండా ఒక్క మాట చెప్పు. చేరాక బాధపడవు కదా?"

"పడతానండి," అంది కాంతం.

"అయితే వద్దు."

మర్నాడు ఫోను చేసి వద్దని చెప్పింది. శ్రీనాథ్ మర్యాదగానే, "సరేనండి, ఆల్ ద బెస్టండి," అన్నాడు. ఫోను పెట్టేశాక గంటసేపు మంచం మీంచి లేవలేకపోయింది. ధైర్యం చేశానన్న సంతోషం ఏమీ కలగలేదు.

ఇన్నాళ్ళూ ఆవిడ అడగని మనిషి ఒకాయన ఉన్నారు. పవర్‌పేటలో ఉండే లక్ష్మీనారాయణ గారు. డెబ్బై దాటిన సివిల్ లాయరు. పదిహేనేళ్ళు ఆయన కాయితాలన్నీ కాంతమే కొట్టింది. ఊరి నిండా లాయర్లకి ఆవిడ టైపిస్టే, ఆయనకి మరీను. అడిగితే నవ్వుతారేమోనని భయం. నవ్వకపోయినా, రమ్మని ఓ డ్రాఫ్టు చేతికిచ్చి కొట్టమంటారేమోనని ఇంకా భయం. తెలియని వాళ్ళు కాదంటే సర్దుకోవచ్చు. తెలిసినవాళ్ళు కాదంటే ఎక్కడికి పోతాం?

అయినా వెళ్ళింది. ఆయన వరండాలో పడక్కుర్చీలో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"జూనియర్‌గా చేరదామని వచ్చానండి."

ఆయన నవ్వలేదు. "విన్నాను, లా అయిందని. మంచిది. ఎప్పటినుంచి వస్తావు? మన రావిపాడు దావా ఒకటి అర్జెంటుగా కొట్టాలి."

భయపడిందే జరిగింది. అయినా చెప్పింది.

"కొట్టనండి. రాస్తాను. టైపింగు పింకీ చేస్తుందండి."

"ఏంటీ?"

"మీకు పదిహేనేళ్ళు కొట్టానండి. ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. ఇప్పుడు జూనియర్ అయితే జూనియర్ పనే ఇప్పించండి. ఊడవమన్నా ఊడుస్తాను గానీ, టైపు మాత్రం కొట్టనండి."

లక్ష్మీనారాయణ గారి ముఖం ఎర్రబడింది. "నా దగ్గరికొచ్చి నాకే షరతులు పెట్టిన జూనియర్ని నేను చూళ్ళేదమ్మా. సరే, వెళ్ళు. చూద్దాం."

చూద్దాం అంటే లేదనే అర్థం, ఏలూరులోనైనా ఎక్కడైనా. ఆవిడ ఇంటికెళ్ళి మళ్ళీ ఫారాలు తెరిచింది. తొమ్మిది రోజుల్లో ఇంకో ఆరు అప్లికేషన్లు పెట్టింది. పదోరోజు పొద్దున రైల్లో ఉండగా ఫోను మోగింది.

"ఎక్కడున్నావు?" లక్ష్మీనారాయణ గారు.

"భీమడోలు దాటానండి."

"కోటు ఉందా?"

"ఉందండి."

"తిన్నగా కోర్టుకి రా. నాకు మోకాలు వాచింది, మెట్లెక్కలేను. ఒక వాయిదా అడగాలి."

కోర్టు గేటు దగ్గర పింకీ ఎదురొచ్చి వకాల్తా చేతిలో పెట్టింది. లక్ష్మీనారాయణ గారి పేరు కింద కాంతం పేరు కొట్టి ఉంది. కాంతం కాయితాన్ని రెండుసార్లు చదివి, కక్షిదారు సంతకం సరైన చోట ఉందో లేదో చూసి, లోపలికి నడిచింది. జడ్జి గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "మీరు బయట టైపు చేసేవారు కదా?"

"అవునండి. ఇప్పుడు వాది తరఫు జూనియర్నండి."

"వాయిదా ఎందుకు?"

"సీనియర్ గారికి ఒంట్లో బాలేదండి."

వారం తర్వాతి తేదీ ఇచ్చారు. రెండు నిమిషాల పని. బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. ఆ తేదీ రాసుకుంది.

ఆ తర్వాత ఆరు నెలలు ఆవిడ చేసిందంతా వాయిదాలడగడం, ఫైళ్ళు మోయడం, రికార్డు రూములో దుమ్ము పీల్చడం. నెలాఖరుకి లక్ష్మీనారాయణ గారు ఎంతో కొంత కవరులో పెట్టి ఇచ్చేవారు, మర్చిపోయిన నెల మర్చిపోయేవారు. తనకన్నా పదేళ్ళు చిన్న లాయర్లు 'మేడం, కొంచెం ఈ పేరా చదివి పెడతారా' అని తెచ్చేవారు. చదివిపెట్టేది. ఏ దావా వచ్చినా షెడ్యూలు రాసేముందు ఒక పూట వెళ్ళి భూమి చూసొచ్చేది. బస్సు, ఆటో, చివరికి గట్ల మీద నడక. "ఇంత అవసరమా?" అని సీనియర్ గారు విసుక్కున్నారు. మానలేదు.

ఏడో నెలలో మొదటిసారి ఒక పిటిషను తనే వాదించింది. దెందులూరు వైపు ఒక రైతు చేనుకి వెళ్ళే దారి మూసేశారని, తెరిపించేలా తాత్కాలిక ఉత్తర్వు కోరిన పిటిషను అది. వారం రోజులు సిద్ధమైంది. ఇరవై నిమిషాలు వాదించింది. ఎక్కడా తడబడలేదు. అవతలి లాయరు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు, నాలుగు మాటల్లో పాత నక్షా ఒకటి చూపించాడు. అందులో ఆ దారి గీసే లేదు. అలాంటి నక్షా ఉందని కాంతానికి ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. పిటిషను కొట్టేశారు.

రైతు కండువాతో మొహం తుడుచుకుని, "మరైతే ఏం చెయ్యాలండీ?" అన్నాడు.

కాంతం మెట్ల మీద కూర్చుండిపోయింది. మధ్యాహ్నం మూడయింది. టిఫిను బాక్సు తెరిచి రెండు ముద్దలు తిని మూసేసింది. ఫోనులో సంగతి చెబితే లక్ష్మీనారాయణ గారు అవతల దగ్గి, "కొట్టేశారా? మంచిదే. నా మొదటి మూడూ కొట్టేశారు. అప్పీలుకి ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ కోసం అర్జీ పెట్టు," అన్నారు.

కాపీల సెక్షను దగ్గర పదిమంది ముందున్నారు. ఆవిడ ఫైలు చంకన పెట్టుకుని వరుసలో నిలబడింది. రైతుని పక్కన బల్ల మీద కూర్చోమని చెప్పి, ఆ పాత నక్షా ఏ ఊరి కరణం గీశాడో, దారి ఎప్పటినుంచి ఉందో, చూసినవాళ్ళు ఎవరు బతికున్నారో ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది. అతను చెప్తుంటే ఫైలు అట్ట వెనక రాసుకుంది.

కాపీ చేతికి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా ఆవిడ మరో రెండుసార్లు దెందులూరు వెళ్ళొచ్చి, అప్పీలు కాయితాలు రాయడం పూర్తిచేసింది.