దొరల గోల్ఫుకు లెక్క రాయడానికి కుప్పం వెళ్లాను

ఊళ్లు చూడాలనే సరదాతో నేను కుప్పం బయల్దేరలేదు. నా భార్య రత్నమ్మ ఆరు నెలలుగా మదనపల్లె ఆస్పత్రిలో క్షయతో మంచాన ఉంది. నేను ఆ ఊరి బడిలోనే లెక్కల అయ్యవారిని. ఈలోగా నన్ను కుప్పం బడికి మారుస్తూ కాగితం వచ్చింది. దాన్ని రద్దు చేయగలిగింది బళ్ల సూపరింటెండెంటు దొర ఒక్కడే, ఆయన ఉండేది కుప్పంలో. "శనివారము రమ్ము. మా గోల్ఫు ఆటకు లెక్క వ్రాయువాడు కావలెను. ఆట పిమ్మట నీ సంగతి చూతము" అని జాబు రాశాడు. గోల్ఫంటే ఏమిటో నాకు తెలియదు. అయినా వెళ్లక చస్తానా?

తెల్లవారి ఐదున్నరకు బస్సెక్కాను. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేదు, బొగ్గు గ్యాసుతో నడిచేలా బస్సు వెనక పొయ్యి తగిలించారు. పుంగనూరు చేరేసరికి ఏడున్నర. ఇడ్లీలు చల్లారిపోయాయి, కాఫీ పరవాలేదు. అక్కడ ఎక్కిన పెద్దపంజాణి ఊరి అవ్వ చింతపండు గంప నా కాళ్ల మీదికి తోసి, "యాడికప్పా ఇంత పొద్దున్నే?" అంది. చెప్పాను.

"పెండ్లాము కోసరం ఇంత దూరం పోతాండావు, మంచోడివే. దొర కాళ్లు పట్టుకోనైనా అడుగు" అని గంప ఇంకాస్త ముందుకు తోసింది.

పలమనేరు దాటాక ఎక్కుడు రోడ్డు మీద అందరం దిగి బస్సును తోశాం. టిక్కెట్టు కొన్నదీ మేమే, తోసిందీ మేమే. కుప్పంలో దిగేసరికి రెండు. స్టేషను ఎదుటి సత్రంలో పెరుగన్నం తిని, నాలుగింటికి ఊరి బయటి మైదానానికి నడిచాను.

దొరకు జత ఒక పాదిరి. అవతలి జత ఒక గనుల డాక్టరు, ఒక అడవి ఆఫీసరు. రాళ్లూ తుమ్మపొదల మధ్య తొమ్మిది గుంటలు. ఎవరి బంతి వారిదే. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాడే మొనగాడు. మొదటి గుంటకు దొరకు నాలుగు పట్టాయి, పాదిరికి ఏడు. మార్కులు కూడే అలవాటు కొద్దీ పైకే కూడుతూ పదకొండు వేశాను. దొర కర్రల సంచి మోసే ముసలి మునెప్ప అది విని తల కొట్టుకున్నాడు.

"ఇద్దరివీ యాల కూడతాండావు అయివోరా? జతలో ఎవురు తక్కువ కొడితే ఆ లెక్కే జతది. నాలుగు ఎయ్యి."

"మరి పాదిరిగారు కొట్టినదంతా?"

"గాలికి పోయినట్టే. ఇంగో గుంటకాడ దొర సెడిపితే, అప్పుడు ఆయప్ప లెక్క పనికొస్తాది. గుంట గుంటకీ సూసుకోవాల."

పాపం పాదిరి ఎండలో చెమటలు కక్కుతూ తొమ్మిది గుంటలూ నడిచాడు. ఆయన అంకె నిలిచింది రెండే చోట్ల. అవతల మాత్రం డాక్టరు చెడిపిన చోటల్లా ఆఫీసరు ఆదుకున్నాడు. బస్సు కుదుపులకు సగం పోయిన నా నడుము మిగతా సగం అక్కడ పోయింది.

చివరికి దొర జతకు నలభై మూడు, అవతలి జతకు నలభై రెండు. దొర ముఖం ఎర్రబడింది. నేను లెక్క రాసిన కార్డు మీద ఆరో గుంట దగ్గర వేలు పెట్టాడు.

"ఇచ్చట నావి నాలుగే గదా? నీవు ఐదు వ్రాసితివి."

నాలుగైతే ఆట సరిసమానం. ఆరో గుంట దగ్గర పొదలో దొర కర్ర ఊపితే బంతికి తగల్లేదు. తగలకపోయినా దెబ్బ దెబ్బేనని మునెప్ప అప్పుడే చెప్పాడు. చూసింది మేమిద్దరమే. మునెప్ప తల దించుకుని సంచి సర్దుకుంటున్నాడు. ఒక్క అంకె దిద్దితే రత్నమ్మ దగ్గరే ఉండిపోవచ్చు. దాచడమెందుకు, పెన్సిలు కార్డు దాకా వెళ్లింది కూడా. పదిహేనేళ్లుగా పిల్లల లెక్కలు దిద్దిన చేయి, తప్పు వేయడానికి ఆడలేదు.

"ఐదే దొరగారూ. పొదలో ఒకటి తగల్లేదు."

ఆయన కార్డు మీంచి వేలు తీశాడు. తర్వాత నవ్వి భుజం తట్టాడు.

"నిజమే, నేను మరచితిని. నీవంటి నమ్మకస్థుడు కుప్పము బడికి మిక్కిలి అవసరము. నిన్ను విడువను. ఒకటవ తేదీకి వచ్చి చేరుము."

పాదిరి చప్పట్లు కొట్టాడు. రత్నమ్మ మాట ఎత్తబోతే, "ఆస్పత్రిలో ఆమెను బాగుగా చూచుదురు" అని దొర టీకి వెళ్లిపోయాడు.

"నాలుగని సెప్పుంటే పోయేది గదా అయివోరా" అన్నాడు మునెప్ప. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆరింటి బస్సుకు తిరుగుముఖం పట్టాను. రత్నమ్మకు ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. ఒళ్లూ మనసూ అలిసిపోయాయి.

ఈ దారిన వెళ్లే వాళ్లకు పొద్దుటి బస్సే మేలు. పలమనేరు దాటాక కుప్పం చేరేదాకా తినడానికేమీ దొరకదు, అన్నం కట్టుకెళ్లండి. సత్రంలో నీళ్లు బాగుంటాయి, నల్లులు మాత్రం దండిగా ఉన్నాయి. చోటు లేకపోతే బడికి వచ్చి లెక్కల అయ్యవారు ఎక్కడని అడగండి. ఒకటో తేదీ నుంచి నేనక్కడే ఉంటాను. మదనపల్లె నుంచి వచ్చేవాళ్లయితే, ముందు ఆస్పత్రికి వెళ్లి రత్నమ్మను ఒకసారి చూసి, ఎలా ఉందో నాకు చెప్పండి.