కళ్ళు మూసుకుని సౌండు తగ్గించండి

సెట్లాయన పోయారని నాకు మా స్కూలు స్టాఫ్ రూములో తెలిసింది. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. హారన్ పాడైతే ఆయన షెడ్డుకి వెళ్ళిన సైన్సు మేడం, తాళం వేసి ఉందని, శుక్రవారం పొద్దున్నే గుండెపోటు వచ్చి ఆస్పత్రి దాకా కూడా వెళ్ళలేదని పక్క టైర్ల కొట్టువాళ్ళు చెప్పారని అంది. ఆయన నాకు బుధవారం ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు. క్లాసులో ఉన్నాను, నిజమే. క్లాసు అయ్యాక మాత్రం ఏం చేశానని నన్ను నేనే అడుగుతున్నాను.

ఆ తర్వాత దిద్దిన పేపరే మళ్ళీ దిద్దాను. పెన్ను మూత పెట్టడం, తీయడం, కిటికీ దగ్గరికి వెళ్ళడం, వచ్చి కూర్చోవడం. కాసేపటికి కిందికి దిగి కారులో కూర్చున్నాను. ఎదురుగా తొమ్మిదంగుళాల స్క్రీను నల్లగా నిగనిగలాడుతోంది. ఆయన ఆగమన్నా ఆగకుండా నేను పెట్టించుకున్న స్క్రీను అది. దాని ముందు కూర్చోలేక కారు దిగిపోయాను.

రావులపాలెంలో హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద ఆయనది రేకుల షెడ్డు. బోర్డు మీద పేరు ఉండేది కానీ ఎవరూ చదివిన పాపాన పోలేదు. కార్లలో రేడియోలు, టేపులు, ఇప్పుడు స్క్రీన్లు బిగిస్తారు కాబట్టి ఊరందరికీ సెట్లాయన. పుట్టింది సముద్రం ఒడ్డున, చేపల వేట చేసేవాళ్ళ ఇంట్లో. యానాం దగ్గర బోట్ల ఇంజన్లకి వైరింగు చేస్తూ పని నేర్చుకున్నారు. బోటు అడుగున వెలుతురు ఉండదు, నీళ్ళలో రంగులు తెలియవు. అందుకని ఏ తీగ ఏదో గుర్తుకి నైలాను దారం కట్టి ముడులు వేసేవారట, ఇంట్లో వలలు కట్టినట్టే. కార్లలోకి వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. కరెంటు తీగకి లావు దారం, స్పీకర్ల తీగలకి సన్న దారం, ఏ స్పీకరో చెప్పడానికి ఒకటి నుంచి నాలుగు దాకా ముడులు. రంగులు ఉండగా ఈ గోలంతా ఎందుకని నేనొకసారి అడిగాను. "డ్యాష్‌బోర్డు కింద తల పట్టదు కదండీ. చెయ్యి పడుతుంది. చేతికి చదువొచ్చేలా రాయాలండి" అన్నారు.

కంపెనీ సెట్టు మంచిదా, బయటి సెట్టు మంచిదా అని అడిగిన వాళ్ళకి ఆయన ఎప్పుడూ సూటిగా జవాబు చెప్పలేదు. "ఎవరికండి?" అని ఎదురు అడిగేవారు. ఈ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. డాక్టరు దగ్గరికెళ్ళి మందు అడిగితే నీకెందుకు అన్నట్టు ఉండేది. తర్వాత నిదానంగా చెప్పుకొచ్చేవారు. కంపెనీది డ్యాష్‌బోర్డులో అతికినట్టు కూర్చుంటుంది, స్టీరింగు మీద బటన్లు పని చేస్తాయి, కానీ పాత మోడలైతే కొత్తది రాదు, పాడైన కార్లలోంచి తీసినది వెతకాలి. బయటి దాంట్లో ఫోను కలుస్తుంది, కెమెరా వస్తుంది, పాటలు లెక్కలేనన్ని, కానీ ఫ్రేము సరిగ్గా దొరక్కపోతే కన్నం కనపడుతుంది, తొందరపడి తీగలు కోశారా, మళ్ళీ ముందులా అవదు. ఇదంతా చెప్పి, మళ్ళీ మొదటికే వచ్చి, ఎవరికండి అనేవారు.

మా ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు ఇద్దరు. మావారు ఎరువుల కంపెనీలో సేల్స్ పని చేశారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఎక్కడికైనా ఆ కారులోనే. షుగరు వల్ల మూడేళ్ళ కిందట రెండు కళ్ళూ పోయాయి. నలభై ఆరేళ్ళ వయసులో నేను డ్రైవింగు నేర్చుకున్నాను. మావారు పక్క సీట్లోకి మారారు. కారులో మావారికి మిగిలింది రేడియో ఒక్కటే. కుడి చెయ్యి చాపితే గుండ్రటి నాబ్ చేతికొచ్చేది. స్టేషను మార్చడం, వార్తలప్పుడు పెంచడం, అన్నీ తనే.

ఇంకో పని కూడా ఉండేది. మా గేటు ఎదురుగా సన్నటి సిమెంటు రోడ్డు, అది దాటితే కాస్త కంకర, ఆ తర్వాత పంట కాలవ. రివర్సులో బయటికి రావాలంటే నాకు చెమటలు పట్టేవి. రివర్స్ గేరు వేయగానే మావారు రేడియో సౌండు తగ్గించి, కిటికీ అద్దం దించి చెవి పెట్టేవారు. టైరు సిమెంటు దాటి కంకర మీదికి దిగిన చప్పుడు వినపడగానే "ఆపు" అనేవారు. అన్నాళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. అయినా నా భయం పోలేదు, అది నా సుగుణం.

కంపెనీ సెట్టు కిందటి వేసవిలో చచ్చిపోయింది. ఇక బాగుపడదని సెట్లాయనే చెప్పారు. నేను అప్పటికే మనసులో, వెనక దారి చూపించే కెమెరా ఉన్న పెద్ద స్క్రీను కొనేసుకున్నాను. ఆయన తన షెడ్డులో చూపించడానికి పెట్టిన స్క్రీను ముందు నన్ను నిలబెట్టారు. "కళ్ళు మూసుకుని సౌండు తగ్గించండి టీచరు గారూ" అన్నారు. మూసుకున్నాను. వేలు నున్నటి అద్దం మీద అటూ ఇటూ జారింది. ఏదో పాట మారిపోయింది, ఇంకేదో మోగింది, సౌండు మాత్రం తగ్గలేదు. పక్కన టీ తాగుతున్న ఇద్దరు నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. మావారి కళ్ళ గురించి నలుగురిలో నాకు పాఠం చెప్పాడనుకున్నాను. వెనక కాలవ పెట్టుకుని నేను పడే బాధ ఎవరికీ అక్కర్లేదా అని గట్టిగానే అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. "రెండూ చూడాలండి. కొంచెం టైమ్ ఇవ్వండి" అన్నారు. నేను ఇవ్వలేదు. ఆ ఆదివారమే రాజమండ్రి వెళ్ళి, పెద్ద షాపులో గంటలో స్క్రీను పెట్టించుకుని, బ్రిడ్జి మీదుగా గెలిచినదానిలా ఇంటికొచ్చాను.

మావారు బావుందన్నారు. మొదటి రెండు రోజులు చెయ్యి చాపి వేళ్ళతో వెతికారు. ఒకసారి ఎవరికో ఫోన్ వెళ్ళిపోయింది, క్షమించమని అవతలి వాళ్ళకి చెప్పుకున్నారు. మూడో రోజు నుంచి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. వెనక కాలవ స్క్రీనులో నాకు శుభ్రంగా కనపడుతోంది. ఆపు అనే మనిషితో నాకు పని లేకుండా పోయింది. ఆ సంగతి మావారికి నాకన్నా ముందు తెలిసినట్టుంది, కిటికీ అద్దం దించడం కూడా మానేశారు. అటు ఆత్రేయపురం దాకా వెళ్ళొచ్చినా దారిలో నాలుగు మాటలు ఉండేవి కావు.

రెండు నెలలు ఓపిక పట్టి, సిగ్గు విడిచి సెట్లాయన దగ్గరికి వెళ్ళాను. వస్తారని తెలుసు అన్న ముఖం కూడా పెట్టలేదాయన. స్క్రీను బయటికి లాగి, కోసేసిన తీగలు చూసి, పెదవి విరిచారు, అంతే. నైలాను దారం ఉండ తెచ్చుకుని కింద కూర్చుని ఒక్కో తీగకీ ముడులు వేశారు. చివర్లన్నీ స్క్రూలు బిగించే తెల్ల ప్లాస్టిక్ పట్టీకి చేర్చి, స్క్రీను యథాస్థానంలో పెట్టేశారు. ఇదే మోడలుది కంపెనీ సెట్టు ఎక్కడైనా దొరికితే ఫోన్ చేస్తానన్నారు.

మూడు వారాల్లో దొరికింది. ఫోన్ చేశారు. పరీక్షలన్నాను. మళ్ళీ చేశారు. ఇంటికి చుట్టాలొచ్చారన్నాను. రెండూ నిజమే, రెండూ సాకులే. కెమెరా నాకు అలవాటైపోయింది. నాబ్ వస్తే స్క్రీను పోతుంది, స్క్రీను పోతే కాలవ మళ్ళీ నా వీపు వెనక్కి వస్తుంది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇప్పుడు కూడా నోరు రావడం లేదు, రాస్తున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. రెండో ఫోనులో ఆయన "మీ సంగతి కూడా చూశానండి" అన్నారు. నాకు అర్థం కాలేదు, అడగనూ లేదు. మూడో ఫోను ఆ బుధవారానిది.

కబురు తెలిసిన సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక కుర్చీ అంచున కూర్చుని చీర కొంగు మెలిపెడుతున్నాను. వాళ్ళావిడ నా పేరు కూడా అడగలేదు. "కాలవ టీచరు గారా అండీ" అంది. లోపలికెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చింది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"ఇది సారు గారి చేతికి ఇవ్వాలన్నారండి. మీ చేతికి కాదని మరీ మరీ చెప్పారు. సారు గారొస్తే ఆయన చేతే పెట్టిస్తానని అనేవారు" అంది. తర్వాత తనే, సారు గారు రాలేరు కదా అని, పెట్టె నా ఒళ్ళో పెట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. పలకరించడానికి వెళ్ళినదాన్ని, ఆవిడ చేతే ఓదార్పు చెప్పించుకుని వచ్చాను.

ఇంటికొచ్చి పెట్టె మావారి చేతిలో పెట్టాను. పై పొరలో కంపెనీ సెట్టు, పాతదే, శుభ్రంగా తుడిచి ఉంది. మావారి బొటనవేలు ముందు నాబ్ మీదికే వెళ్ళింది. సెట్టు వెనక తీగలన్నిటికీ దారాలు, దారాలకి ముడులు. అడుగున కాగితంలో చుట్టి ఒక అద్దం ఉంది. కారు లోపల, వెనక వచ్చేవి చూసుకునే అద్దానికి తగిలించేది, దాని మూలలో అరచేయంత స్క్రీను, కెమెరాకి తీగ. నా సంగతి అదన్నమాట. రెండూ చూడాలన్న మనిషి రెండూ చూసి పెట్టి, మూడు సార్లు ఫోన్ చేస్తే, నేను సాకులు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఇంకో షాపుకి తీసుకెళ్దామన్నాను. "ముందు నన్ను చూడనీ" అన్నారు మావారు. నేను బ్యాటరీ కనెక్షను తీసి, స్క్రూలు విప్పి, పెద్ద స్క్రీను బయటికి లాగాను. మావారు సీట్లో ఒరిగి రెండు చేతులూ లోపలికి పెట్టారు. కారు తీగ ముడులు ఎడమ చేత్తో, సెట్టు తీగ ముడులు కుడి చేత్తో తడిమి చూసుకున్నారు. లావు దారం, లావు దారం. రెండు ముడులు, రెండు ముడులు. స్క్రూ బిగించడం, తర్వాతది వెతకడం. టార్చి పట్టుకుని నిలబడిన నాకు ఆ టార్చి ఎవరి కోసమో కాసేపటికి గాని తట్టలేదు. ఆపేశాను. మూడేళ్ళలో మావారు ఒక పని మొదలుపెట్టి తనంతట తను పూర్తి చేయడం అదే మొదటిసారి. అద్దానికి కెమెరా తీగ మాత్రం నేను కలిపాను, దానికీ సెట్లాయన ఒక ముడి వేసి ఉంచారు.

బ్యాటరీ కలిపి వచ్చి కూర్చున్నాను. నాబ్ తిప్పితే వార్తలొచ్చాయి. మావారు స్టేషన్లన్నీ ఒక చుట్టు తిరిగి మళ్ళీ వార్తల దగ్గరికే వచ్చారు. నిన్నటి నుంచి కాళ్ళూ చేతులూ ఒక చోట ఉండని నాకు మొదటిసారి ఎవరికో ఫోన్ చేసి చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషి నంబరు ఇంకా ఫోనులో పైనే ఉంది, మిస్డ్ కాల్‌గా, ఎర్రగా.

స్కూలుకి టైమవుతోంది. రివర్స్ గేరు వేశాను. అడక్కుండానే రేడియో సౌండు తగ్గింది. కిటికీ అద్దం దిగింది. పైన చిన్న స్క్రీనులో సిమెంటు రోడ్డు, దాని అంచు, కంకర, కాలవ నీళ్ళు అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. ఆపాల్సిన చోటు నాకు తెలుసు. బ్రేకు మీద కాలు పెట్టి, కారుని అంగుళం అంగుళం వెనక్కి వదిలాను. కంకర చప్పుడైంది.

"ఆపు" అన్నారు మావారు.

అప్పుడు ఆపాను.