లచ్చవ్వ ఊ కొట్టని చరణం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది చదివాక కూడా నన్ను నమ్మేవాళ్లలో కలిపేయకండి. మస్కట్‌లో ఏసీలు బాగుచేయించే సూపర్‌వైజర్ని. ఎక్కడ ఏ చప్పుడు వచ్చినా దానికి కారణం వెతకడమే నా డ్యూటీ. నిరుడు చలికాలం ఇక్కడే ఘుబ్రా ఏరియాలో విన్న ఒక్క చప్పుడుకు మాత్రం కారణం దొరకలేదు. అందుకు భయమేమీ లేదు నాకు, సిగ్గే ఉంది.

లచ్చవ్వ మా జగిత్యాల వైపు జానపదాలు పాడిన మనిషి. ఒకప్పుడు గల్ఫ్‌లో మనవాళ్లున్న రూముల్లో ఆమె క్యాసెట్లే మోగేవి. కథను పాటగా చెప్పేది. చరణం చరణానికీ ఆగేది, ఎదుట ఎవరో ఒకరు ‘ఊ’ కొడితే తప్ప ముందుకు కదిలేది కాదు. ఎవరూ కొట్టకపోతే తానే జీరగొంతుతో ‘ఊ’ అనుకుని తర్వాతి చరణం ఎత్తుకునేది. పాట చివర తన పేరు కట్టడం కూడా ఆమె ఆనవాయితీ. ‘లచ్చవ్వ చెప్పింది ఈ కథ’ అంటూ ముగించేది.

ఆమె పోయాక ఆమె పాటలతో ఆల్బం చేద్దామన్నది నేనే. ఇక్కడ బతుకమ్మకు, ఉగాదికి స్టేజీ ఎక్కి పాడేది నేనే కదా మరి. డప్పుకు నర్సయ్య వచ్చాడు. మా పక్క ఊరివాడే, మస్కట్ పక్కనే అల్ అమెరాత్‌లో బిల్డింగ్ సైట్ పని. రికార్డింగ్ చేసింది శ్రీకాంత్ గారు. రాజమండ్రి మనిషి, ఘుబ్రాలోని తన ఫ్లాట్‌లో ఒక బెడ్‌రూమ్‌ని స్టూడియో చేసుకున్నారు. గోడలకు దళసరి దుప్పట్లు వేలాడదీసి, ఏసీ ఆపేసి, శుక్రవారం మధ్యాహ్నాలు చెమటలు కక్కుతూ పాడేవాళ్లం.

చివరికి ఆమె పెద్ద పాట మిగిలింది. ఎండిన బావిలో నీళ్ల కోసం దిగిన అక్క కథ. అక్కడే నా బుద్ధి వంకరపోయింది. ఆఖరి చరణంలో ఆమె పేరు తీసేసి ‘రవన్న చెప్పిండు ఈ కథ’ అని నా పేరు కట్టుకున్నాను. పాడింది ఎవరో యూట్యూబ్‌లో వినేవాళ్లకు తెలియొద్దా అనుకున్నాను. ఎవరైనా వద్దంటే మానుకునేవాణ్ణేమో.

“పాడేది నువ్వేనాయె, నీ పేరు వెట్టుకుంటే ఏమైతదన్నా” అన్నాడు నర్సయ్య. “తాళానికి సరిపోతుందండీ” అన్నారు శ్రీకాంత్ గారు.

‘ఊ’లు తర్వాత విడిగా రికార్డు చేద్దాం, వాటికి చోటు వదిలి పాడమన్నారాయన. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. వాళ్లిద్దరూ తలుపేసి హాల్లో కూర్చున్నారు. పాడాను. బాగా పాడానని మురిసిపోయాను కూడా.

హాల్లోకి వచ్చి వింటుంటే, మొదటి చరణం తర్వాత వదిలిన చోట ‘ఊ’ అని వినిపించింది. ముసలి గొంతు, జీర గొంతు.

నర్సయ్య మీద విరుచుకుపడ్డాను. “నీ తోడన్నా, నేను నోరు తెరువలే. సార్ పక్కనే ఉన్న, అడుగు” అన్నాడు. శ్రీకాంత్ గారు అవునని తలూపారు. రెండో చరణం తర్వాతా ఉంది. ఆ తర్వాత కూడా, వదిలిన ప్రతిచోటా ఉంది.

ఆఖరి చరణం వచ్చింది. నా పేరు వచ్చింది. దాని తర్వాత ఏమీ లేదు.

ఆ ఇద్దరి ముందు తల తీసేసినట్టయింది నాకు. దయ్యమన్న ఆలోచనే రాలేదు. ఒకరింట్లో వస్తువు తీస్తుంటే ఇంటావిడ చూసి, ఏమీ అనకుండా గుమ్మంలో నిలబడినట్టు అనిపించింది.

ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికే కావచ్చు, కారణం వెతకడం మొదలుపెట్టాను. నా హెడ్‌ఫోన్లలో డప్పు, శ్రుతి తప్ప మరేమీ లేవు. లచ్చవ్వ పాత పాటలు నా ఫోన్‌లోనే ఉన్నాయి, ఆ ఫోన్ హాల్లో ఆఫ్ చేసి ఉంది. పై ఫ్లాట్ ఖాళీ. ఏసీ డక్టులో చెవి పెట్టి విన్నాను. మైకు మార్చి మళ్లీ పాడాను. అప్పుడూ నా పేరుతోనే పాడాను. అది రాయడానికి చెయ్యి రావడం లేదు. మళ్లీ అన్నిచోట్లా ‘ఊ’ ఉంది, నా పేరు దగ్గర మాత్రం లేదు.

ఇక లాభం లేదని లచ్చవ్వ పేరుతో పాడాను. ఆఖర్న ఆగి, ఒక్క ‘ఊ’ వస్తే చాలు, క్షమించిందనుకుంటానని ఆశపడ్డాను. విన్నాం. ఆమె పేరు తర్వాత రాలేదు. అసలు ఆ టేకులో ఏ చరణం తర్వాతా రాలేదు.

“పోయిందన్నా” అన్నాడు నర్సయ్య మెల్లగా.

ఆ టేకుకే నర్సయ్య చేత ‘ఊ’లు కొట్టించి ఆల్బం విడుదల చేశాం. పాత టేకులు శ్రీకాంత్ గారు దాచారు. వాటిలో ఆ ‘ఊ’ ఇప్పటికీ అలాగే ఉంది. అది ఎలా వచ్చిందో, ఆ ఒక్కచోట ఎందుకు రాలేదో, చప్పుళ్లు వెతికి బతికే నాకు ఈనాటికీ తెలియదు.

ఆల్బం విన్నాక లచ్చవ్వ కూతురు ఊరి నుంచి ఫోన్ చేసింది. “మా అవ్వ పాటలకు అందరు వాళ్ల పేర్లే కట్టుకున్నరు బిడ్డా. నువ్వొక్కనివే ఆమె పేరు అట్లనే ఉంచినవ్. నీ మనసు పెద్దది” అంది. ఏడుస్తోంది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె అచ్చం తల్లిలాగే అక్కడ ఆగి, నేనేమంటానా అని ఎదురుచూసింది.

“ఊ” అన్నాను.