రైలుపెట్టె నోరు మూయించిన చేపల పెద్దమ్మ

చేపల పెద్దమ్మ పోయిందన్న కబురు మాకు రైల్లోనే తెలిసింది. ఆమెతో రోజూ ఎక్కే తోటి చేపలామె మొన్న సాయంత్రం గరివిడిలో ఒక్కతే ఎక్కి, ఖాళీ గంప దించుతూ చెప్పింది. "రాత్రి నిద్దట్లోనే ఎల్లిపోనాది."

విదేశాల్లో కొన్ని రైళ్లలో గట్టిగా మాట్లాడకూడని పెట్టెలుంటాయట. మాకూ ఉండేది ఒకటి! రైల్వేవాళ్లు పెట్టింది కాదు, పెద్దమ్మ పెట్టింది. సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేందుకు విజయనగరంలో నేనెక్కేటప్పటికి మా ఆడవాళ్ల పెట్టె సంతలా ఉండేది. సీరియళ్లు, రీల్సు, కోడళ్ల మీద ఫిర్యాదులు. గరివిడిలో పెద్దమ్మ ఎక్కి, కొంగు తలమీదికి లాక్కుని, ఒక్కటే కేక వేసేది.

"పొద్దుటాల నుంచి ఈ గొంతుతోనే అరిసి సేపలమ్మినాను. కాసేపు దీన్ని పడుకోనియ్యండే!"

ఇంజను కూడా అంత గట్టిగా కూయదు. ఆ తర్వాత చక్రాల చప్పుడే.

ఒకసారి ఒకావిడ ఫోన్లో సీరియలు ఆపలేదు. పెద్దమ్మ వంగి తెరలోకి చూసింది. "ఒసే, ఇందులో ఏడస్తన్నామెకి టికెట్టు తీసినావేటి?" ఆవిడే ముందు నవ్వింది.

ఆ నిశ్శబ్దమే నాకు చదువుకునే చోటు. పొందూరులో మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గది, అందులోనే టీవీ. టీచరు పరీక్షకు నేను చదివిందంతా ఆ బండిలోనే. నా పుస్తకానికి చేపల వాసన అంటకూడదని పెద్దమ్మ చేతులు కొంగులో చుట్టుకుని కూర్చునేది. "నువ్వు సదువుకోయే. నాను గురక పెడితే మాత్రం ఏటీ అనకు, గురకకి రూలు నేదు" అనేది. నిజంగానే పెట్టేది!

కబురు తెలిసిన రోజు దారంతా ఆమె ముచ్చట్లే, ఎవరూ వద్దనలేదు. నిన్న మాత్రం గరివిడి దాటినా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పరీక్ష ఈ నెలలోనే. "అక్కా, కొంచెం…" అన్నాను. ఒక్కరూ తలెత్తలేదు.

తోటి చేపలామె నా వైపు తిరిగింది. "ఏటే, నోట్లో నీళ్లున్నాయేటి? గట్టిగా అరిసి సెప్పు!"

లేచి నిలబడ్డాను. నాలో అంత గొంతుందని నాకే తెలియదు.

"అక్కా, పిన్నీ, అందరూ ఫోన్లాపండి! నాను సదువుకోవాల!"

పెట్టె ఉలిక్కిపడింది. వెనక నుంచి ఎవరో "అమ్మో, ఇది ఆ ముసలిదాన్ని మించిపోనాదే" అన్నారు. ఒక్కసారిగా నవ్వులు. తర్వాత ఒక్కో ఫోనూ ఆగింది.

కూర్చుని పుస్తకం తెరిచాను. ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు! సంతోషమో ఏడుపో తెలియక తలెత్తి చూశాను. చీపురుపల్లి దాటిన బండి పొలాల మధ్య పోతోంది. పెట్టె నిండా ఆడవాళ్లు, ఒక్క గాజు కూడా గలగలమనడం లేదు. పడమటి ఎండ నిద్రలో వాలిన ఒక్కో ముఖం మీదుగా మెల్లగా జారిపోతోంది.